కిటికీలోని క్రొవ్వొత్తి: ఐర్లండు కుటుంబములు కాపాడుకొనిన పండుగలు

ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి బయలుదేరనైయున్నప్పుడు మోషే వారికి పస్కా ఆచారమును నేర్పెను. దానితోకూడ మరియొక సంగతియు చెప్పెను. ముందు కాలమున మీ పిల్లలు ఈ ఆచారమునకు అర్థమేమని మిమ్మునడుగుదురు. అప్పుడు మీరు జరిగినదానిని వారికి తెలుపవలెనని ఆయన పెద్దలకు ఆజ్ఞాపించెను. నిర్గమకాండము 12వ అధ్యాయమున దీనిని చూడగలము. ఈ యాజ్ఞలో గొప్ప జ్ఞానమున్నది. పండుగ దేవాలయములో మాత్రమే జరుగునది కాదు. ఇంటిలో, పొయ్యియొద్ద, పిల్లవాని ప్రశ్నకును పెద్దవారి జవాబునకును నడుమ అది జరుగును. ఆ ప్రశ్న ఆగిపోయిన యింట ఆచారము మిగిలినను దాని యర్థము మిగులదు.

ఈ మాట ఎంత నిజమో తెలిసికొనగోరువారు ఐర్లండు దేశపు చరిత్రను చదువవలెను. ఆ దేశము మనకు బహు దూరమైనను దాని పేరు మన చదువరులకు క్రొత్తది కాదు. 1919వ సంవత్సరమున మదనపల్లెలో జనగణమన గీతపు స్వరములను వ్రాసియుంచుటలో రవీంద్రనాథ ఠాగూరుగారికి తోడ్పడిన మార్గరెట్ కజిన్సుగారు ఐర్లండులో పుట్టిన స్త్రీయే. 19వ శతాబ్దమున హైదరాబాదులో కథోలిక బిషప్పుగా పని చేసిన డేనియల్ మర్ఫీగారును ఆ దేశమువారే. అట్టివారు పుట్టిన దేశమున సామాన్య కుటుంబములు పండుగలను ఎట్లు ఆచరించినవో, ఆ పండుగలు వారినెట్లు నిలువబెట్టినవో ఇక్కడ కొంత చూతము.

గుడి తలుపులు మూసిన కాలము

1690లో బోయిన్ నదియొద్ద జరిగిన యుద్ధమున కథోలికుడైన రెండవ జేమ్సు రాజు ఓడిపోయెను. అటుతరువాత 1695 మొదలుకొని డబ్లిను పార్లమెంటు కథోలికులను అణచుటకు ఒకదాని వెంట ఒకటిగా చట్టములు చేసెను. వారు బడి పెట్టరాదు. చదువు కొరకు పిల్లలను పరదేశములకు పంపరాదు. ఐదు పౌనులకు మించిన వెలగల గుఱ్ఱమును ఉంచుకొనరాదు. 1697 నాటి చట్టము బిషప్పులును మఠవాసులైన గురువులును దేశము విడిచిపోవలెనని విధించెను. 1704 నాటి చట్టము వారు భూమిని కొనకుండ చేసెను. అదే చట్టము ప్రెస్బిటేరియను సంఘస్థులను సహితము ప్రభుత్వోద్యోగములకు దూరము చేసెను. ఈ చట్టములు మెల్లమెల్లగా సడలి, 1829లో కథోలికులకు పార్లమెంటులో కూర్చుండు హక్కు వచ్చువరకు నూరేండ్లకు పైగా గడచెను.

ప్రియ చదువరులారా, ఈ చట్టములను చేసినవారు క్రీస్తును ఎరుగనివారు కారు. క్రీస్తు నామము ధరించినవారే క్రీస్తు నామము ధరించిన మరియొకరిని ఇట్లు బాధించిరి. ఏ సంఘమువారమైనను మనము ఈ చరిత్రను చదువునప్పుడు ఇతరులను నిందింపక తల వంచుకొనుట మేలు.

ఆ దినములలో కొండల నడుమ, పొలముల చివర, ఒక బండను బల్లగా చేసికొని ఆరాధన జరిపిరి. అట్టి బండలు నేటికిని ఆ దేశమున అనేక చోట్ల కనబడును. పంతుళ్లు పొదలచాటున పిల్లలను కూర్చుండబెట్టి చదువు చెప్పిరి. అయితే బండయొద్దకు పోవుటకు గురువు దొరకవలెను. పొదచాటు బడికి పంతులు దొరకవలెను. ఎవరును దొరకని దినమున ఇల్లు మాత్రమే ఉండెను. అమ్మ యుండెను, అవ్వ యుండెను, పొయ్యిలో నిప్పుండెను. పండుగ అక్కడ దాగి బ్రదికెను.

క్రిస్మసు రాత్రి

ఐర్లండు పల్లెలలో క్రిస్మసుకు చాల దినములు ముందుగానే పని మొదలయ్యెడిది. ఇంటికి లోపలను వెలుపలను సున్నము వేసి, పొగగొట్టమును దులిపి, పాత్రలను తోమి పెట్టెడివారు. పండుగకు ముందు జరుగు పెద్ద సంతకు తండ్రి బండి కట్టుకొని పోయి, వెన్నయు కోళ్లును అమ్మి, ఎండుద్రాక్షలు, తేయాకు, పిల్లలకు బట్టలు కొని తెచ్చెడివాడు. ఏడాది పొడుగున తనయొద్ద సరకులు కొను కుటుంబమునకు అంగడివాడు ఒక పెద్ద క్రొవ్వొత్తిని కానుకగా ఇచ్చుట వాడుక.

క్రిస్మసు ముందటి దినమున మాంసము ముట్టెడివారు కారు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేపను ఉడికించి, బంగాళాదుంపలతో భుజించుట ఆ రాత్రి భోజనము. చీకటి పడగానే ఆ పెద్ద క్రొవ్వొత్తిని తెచ్చి, తొలిచిన టర్నిపు దుంపలోనో, పొట్టు నింపిన జాడీలోనో నిలిపి, చుట్టును ఎఱ్ఱని పండ్లుగల హాలీ కొమ్మలను గుచ్చి, కిటికీలో పెట్టెడివారు. దానిని వెలిగించుట ఇంటిలో అందరికంటె చిన్న బిడ్డ పని. పెద్దలు ఆ చిన్న చేతిని పట్టుకొని వెలిగింపించెడివారు. కొన్ని ప్రాంతములలో దానిని ఆర్పవలసి వచ్చినప్పుడు మేరీ యను పేరుగల ఆమెయే ఆర్పవలెనను నియమముండెను.

ఇంతటితో ముగియలేదు. ఆ రాత్రి తలుపునకు గడియ వేసెడివారు కారు. పొయ్యిలోని నిప్పును ఆరనిచ్చెడివారు కారు. బల్లమీద రొట్టెయు పాలును పెట్టి నిద్రపోయెడివారు.

క్రొవ్వొత్తి ఎందుకని బిడ్డ అడుగును. అవ్వ చెప్పు జవాబు ఇది: ఆ రాత్రి మరియయు యోసేపును బేత్లెహేములో ఇంటింటి తలుపు తట్టిరి, ఎవ్వరును చోటియ్యలేదు, ఈ రాత్రి వారు ఈ త్రోవను వచ్చినయెడల మన యింట చోటున్నదని వారికి తెలియవలెను. కొన్ని ఇండ్లలో అవ్వ మరియొక జవాబును చేర్చెడిది: గురువులను వెదకి పట్టుకొనిన దినములలో, ఈ యింట భయము లేదు, లోపలికి రావచ్చునని వెలుగుతో తెలుపుటకు మన పెద్దలు దీనిని పెట్టిరి. ఈ రెండవ జవాబు ప్రభుత్వపు కాగితములలో వెదకదగినది కాదు. తాతలు మనుమలకు చెప్పుచు వచ్చిన మాట. అయినను రెండు జవాబులును ఒక్క చోటికే చేరుచున్నవి. తమకు నిలువ నీడ లేని కాలమును ఎరిగినవారు ఇతరులకు తలుపు తెరచియుంచిరి.

ఆ రాత్రి గుట్టమీద నిలిచి చూచినవారికి లోయయంతట ఒక్కొక్క కిటికీలో ఒక్కొక్క వెలుగు కనబడెడిది. విద్యుద్దీపములు లేని ఆ పల్లెలలో అది ఎట్టి దృశ్యమో ఊహించుకొనవచ్చును.

పండుగ అంతటితో ఆగక పండ్రెండు దినములు సాగెడిది. డిసెంబరు 26వ తేదీన, అనగా పరిశుద్ధ స్తెఫను దినమున, బాలురు ముఖములకు మసి పూసికొని, గడ్డి వేషములు ధరించి, పాటలు పాడుచు ఇల్లిల్లు తిరిగెడివారు. జనవరి 6వ తేదీకి స్త్రీల క్రిస్మసు అని పేరు. ఏడాది యంతయు ఇంటి చాకిరి చేసిన స్త్రీలు ఆ దినమున విశ్రమించి, ఒకరి యింటికి ఒకరు పోయి తేనీరు త్రాగి సంతోషముగా మాటలాడుకొందురు. ఇంటిపని పురుషులు చేయుదురు. కార్క్, కెర్రి ప్రాంతములలో ఈ వాడుక చాల బలముగా నిలిచెను. మన ప్రాంతపు పురుషులు దీనిని గూర్చి కొంచెము ఆలోచించుట మంచిది.

తుంగతో అల్లిన సిలువ

ఫిబ్రవరి 1వ తేదీ బ్రిజిడ్ దినము. ఆమె ఐదవ శతాబ్దము చివరను, ఆరవ శతాబ్దము మొదటను కిల్డేర్ అను చోట స్త్రీల మఠమును స్థాపించిన భక్తురాలని ఐరిషువారు చెప్పుదురు. కిల్డేర్ అను మాటకు సింధూర వృక్షపు గుడి అని యర్థము. మరణావస్థలోనున్న ఒక నాయకుని పడకయొద్ద ఆమె కూర్చుండి, నేలమీద పరచియున్న తుంగను తీసికొని సిలువగా అల్లుచు, సిలువయొక్క అర్థమును అతనికి వివరించెననియు, అతడు చావకముందు నమ్మెననియు కథ. ఇది చరిత్రకంటె భక్తికథకు చెందినదే. అయినను సువార్తను బోధించుటకు కాలిక్రింది గడ్డి చాలునను సత్యము దానిలోనున్నది.

జనవరి 31వ తేదీ సాయంకాలమున ఇంటి తండ్రియో, పెద్ద కుమార్తెయో వెలుపలికి పోయి పచ్చని తుంగను మోపుగా కోసి తెచ్చి, మూసిన తలుపు బయట నిలిచి, బ్రిజిడ్‌ను లోపలికి రానీయుడని అడుగుదురు. లోపలివారు ఆమెకు స్వాగతమని బదులు పలుకుదురు. ఇట్లు ముమ్మారు జరిగిన తరువాత తలుపు తెరచుదురు. అటుపిమ్మట బంగాళాదుంపలను వెన్న వేసి మెదిపి భుజించి, అందరును పొయ్యి చుట్టు కూర్చుండి తుంగను అల్లుదురు. నడుమ చతురముగానుండి నాలుగు కొమ్మలు సాగిన సిలువ అది. దానిని తలుపుపైనను, పశువుల కొట్టములోను కట్టుదురు. కొన్ని ఇండ్లలో పాత సిలువను తీసివేయక, ప్రతి యేడు క్రొత్తదానిని ప్రక్కను చేర్చెడివారు. దూలమున ఎన్ని సిలువలున్నవో లెక్కించినయెడల ఆ కుటుంబము ఆ యింట ఎన్ని సంవత్సరములు కాపురమున్నదో తెలిసెడిది.

చూడుడు, క్రిస్మసు రాత్రి తలుపునకు గడియ లేదు. బ్రిజిడ్ రాత్రి తలుపు తట్టుటయే ఆచారము. రెండు పండుగలలోను ముఖ్యమైనది తలుపే.

చాల కాలము ఇది పల్లెవారి వాడుకగానే యుండెను. 1961 డిసెంబరు 31వ తేదీన ఐర్లండులో టెలివిజను ప్రసారములు మొదలైనప్పుడు దానికి గుర్తుగా ఈ తుంగ సిలువనే ఎన్నుకొనిరి. 2023 నుండి బ్రిజిడ్ పేరిట దేశమంతటికిని సెలవు దినము ఏర్పడినది. అక్కడి ప్రభుత్వపు సెలవులలో ఒక స్త్రీ పేరు ధరించినది ఇదియే మొదటిది.

పరదేశి పేరిట జాతీయ దినము

లోకమంతట ఐరిషువారి పండుగ యనగానే మార్చి 17వ తేదీ, పాట్రిక్కు దినము, జ్ఞాపకము వచ్చును. కాని పాట్రిక్కు ఐరిషువాడు కాడు. ఆయన బ్రిటనులో పుట్టెను. సుమారు పదునారేండ్ల ప్రాయమున దోపిడిగాండ్రు ఆయనను చెరపట్టి ఐర్లండునకు తీసికొనిపోయి దాసునిగా చేసిరి. ఆరేండ్లు పశువులను కాచెను. ఆ ఒంటరితనములో ప్రార్థించుట నేర్చుకొనెను. తప్పించుకొని ఇల్లు చేరినవాడు, ఏండ్లు గడచిన పిమ్మట, తన్ను దాసునిగా చేసిన ఆ ప్రజలయొద్దకే సువార్తను తీసికొని తిరిగి వచ్చెను. ముసలితనమున లాటిను భాషలో ఆయన వ్రాసిన ఒప్పుకోలు నేటికిని మనకున్నది. దానిలో ఆయన తన్నుతాను పాపిగాను, చదువు తక్కువవానిగాను చెప్పుకొనెను. తన్ను బాధించిన జనమును క్షమించి ప్రేమించిన పరదేశిని ఒక జనము తన జాతీయ దినమునకు పెద్దగా నిలుపుకొనుట ఆశ్చర్యము కాదా?

మూడాకుల షామ్‌రాక్ మొక్కను ఆ దినమున టోపీలకు పెట్టుకొను వాడుకను 1681లో ఒక ఇంగ్లీషు యాత్రికుడు వ్రాసియుంచెను. ఆ ఆకుతో పాట్రిక్కు త్రిత్వమును బోధించెనను కథ 18వ శతాబ్దమునందు గాని గ్రంథములలో కనబడదు. ఇండ్లలో ఆడపిల్లలు రంగు కాగితములతోను పట్టు పేలికలతోను సిలువలు చేసి భుజములకు తగిలించుకొనెడివారు. తల్లులు పెరటిలోని షామ్‌రాక్‌ను త్రవ్వి తడి నాచులో చుట్టి, దూరదేశముననున్న కుమారులకు తపాలలో పంపెడివారు. అది చేరునప్పటికి వాడిపోయినను, అందుకొనినవానికి అది తన యింటి మన్నే. 1903లో ఈ దినము ఐర్లండులో చట్టప్రకారము సెలవు దినమాయెను.

సముద్రము దాటిన పొయ్యి

1845లో బంగాళాదుంప పైరునకు ఒక తెగులు వచ్చెను. బీదవారికి అదియే అన్నము. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను చనిపోయిరి. పది లక్షలకు మించినవారు దేశము విడిచిరి. 1841 జనాభా లెక్కలలో ఎనుబదిరెండు లక్షలకు దగ్గరగా ఉన్న జనము 1851 నాటికి అరువదియారు లక్షలకంటె తక్కువకు దిగెను.

ఆ దేశమున చనిపోయినవారియొద్ద బంధువులు రాత్రియంతయు మేలుకొనియుండు ఆచారము కలదు. అమెరికాకు పోవు కుమారునికో కుమార్తెకో ముందు రాత్రి అట్టి జాగరణమునే జరిపి, అమెరికా జాగరణమని దానికి పేరు పెట్టిరి. ఏలయనగా పోయినవారిలో చాలమంది మరల తల్లి ముఖము చూడలేదు. అయితే క్రిస్మసు దగ్గరకు వచ్చునప్పుడు అమెరికా ఉత్తరము వచ్చెడిది. దానిలో కొన్ని డాలర్లుండెడివి. ఇండ్లలో పనిచేసిన పడుచులు కూడబెట్టి పంపిన ఆ రూకలతో అద్దె చెల్లెను, తమ్ముని ఓడ టిక్కెట్టు వచ్చెను, కిటికీలోని క్రొవ్వొత్తియు వచ్చెను. ఆ సంవత్సరములలో క్రొవ్వొత్తికి మూడవ అర్థము కలిగెను. దూరముననున్న బిడ్డకు ఇల్లు ఇదియేయని చూపు వెలుగు అది.

పోయినవారును తమ పండుగలను మూట కట్టుకొని పోయిరి. అమెరికాలోని బోస్టను నగరమున 1737 మార్చి 17వ తేదీననే ఐరిషు ప్రొటెస్టంటులు కూడి, బీదలైన తమ దేశస్థులకు సహాయము చేయుటకు ఒక సంఘమును స్థాపించిరి. న్యూయార్కులో 1762లో బ్రిటిషు సైన్యములోని ఐరిషు సైనికులు ఆ దినమున ఊరేగిరి. పిమ్మట కరువునకు తప్పించుకొని వచ్చిన కథోలికులు ఆ ఊరేగింపులను నింపిరి. స్వదేశమున పండుగకు ఉప్పు పెట్టిన పంది మాంసమును క్యాబేజీతో వండెడివారు. అమెరికాలో దానికంటె చౌకగా దొరకిన ఉప్పు గొడ్డుమాంసమును వండుకొనిరి. నేడు అమెరికాలో ఐరిషు పండుగ వంట యనగా అదియే. ఇట్లు ఆచారము ఊరును బట్టి మారును. మారుట తప్పు కాదు.

తప్పు ఎక్కడ కలుగుననగా, ప్రశ్న అడుగువారును జవాబు చెప్పువారును లేనప్పుడు. 1962 మొదలుకొని షికాగో నగరమున ఆ పండుగకు నదినే ఆకుపచ్చగా చేయుచున్నారు. చూడ వేడుకగానే యుండును. కాని ఆకుపచ్చ టోపీ పెట్టుకొని త్రాగి తిరుగు యువకునికి దాసుడైన పాట్రిక్కు సంగతి గాని, ఆకలితో ఓడయెక్కిన ముత్తవ్వ సంగతి గాని ఎవరు చెప్పుదురు?

మరియొక అపాయమును కలదు. జ్ఞాపకము రెండంచులుగల ఖడ్గము. ఐర్లండు ఉత్తర భాగమున ప్రతి సంవత్సరము జూలై 12వ తేదీన ప్రొటెస్టంటులు బోయిన్ యుద్ధమును జ్ఞాపకము చేసికొని ఊరేగుదురు. కథోలికులకు వేరే ఊరేగింపులు కలవు. ఒకరి పండుగ మరియొకరికి గాయమాయెను. 1960ల చివర మొదలుకొని ముప్పది యేండ్లు సాగిన కలహములలో మూడువేల ఐదువందలమందికి పైగా చనిపోయిరి. 1998 ఏప్రిలు 10వ తేదీన, శుభ శుక్రవారమున, ఒడంబడిక కుదిరెను. పెద్దలు పిల్లలకు జరిగినదానిని చెప్పవలెను; కాని పగను అప్పగింపరాదు. ఐర్లండు తల్లులు క్రిస్మసు రాత్రి చెప్పిన జవాబు ఇందునకు మంచి మాదిరి. మనలను వెళ్లగొట్టినవారెవరో బిడ్డకు వారు చెప్పిరి. అయినను ఆ మాట ఎవరికి తలుపు మూయవలెనని ముగియలేదు, ఎవరికి తెరువవలెనని ముగిసెను.

పిల్లల నోటుపుస్తకములు

ఈ వాడుకలన్నియు మనకెట్లు తెలిసినవి? 1935లో ఐర్లండు ప్రభుత్వము జానపద విషయములను సేకరించుటకు ఒక సంస్థను ఏర్పరచెను. 1937 మొదలు 1939 వరకు ఆ సంస్థ ఒక చక్కని పని చేసెను. సుమారు ఐదువేల బడులలోని ఏబదివేల మంది పిల్లలకు, ఇంటికి పోయి తాతను అవ్వను అడిగి వ్రాసి తెండని పని అప్పగించెను. క్రిస్మసు ఎట్లు చేసెడివారు? సిలువను ఎట్లు అల్లెడివారు? కరువు నాటి సంగతులేమి? పిల్లలు అడిగిరి, పెద్దలు చెప్పిరి. ఏడు లక్షల పుటలకు మించిన ఆ వ్రాతలు నేటికిని డబ్లిను విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రముగానున్నవి. మోషే చెప్పిన పిల్లల ప్రశ్నను ఒక దేశమంతయు ఒక్కసారి అడిగినట్లాయెను.

1990లో మేరీ రాబిన్సనుగారు ఐర్లండునకు అధ్యక్షురాలుగా ఎన్నికైరి. ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. ఐరిషు సంతతివారు లోకమంతట ఏడు కోట్లమందికి పైగా ఉన్నారని ఆమె తన పదవీ స్వీకార దినమున జ్ఞాపకము చేసి, దేశము విడిచిపోయినవారి కొరకు అధ్యక్షభవనమున ఎల్లప్పుడు ఒక దీపము వెలుగుచుండునని చెప్పిరి. చెప్పినట్లే వంటగది కిటికీలో దీపమును పెట్టించిరి. భవనమునకు పెద్ద మందిరములున్నను దీపమును వంటగదిలో పెట్టుట గమనింపదగినది. సున్నము వేసిన చిన్న యింట అవ్వ పెట్టిన క్రొవ్వొత్తియే అక్కడికి చేరెను.

ప్రియ చదువరులారా, మన బిడ్డలలోను అనేకులు నేడు దూరదేశములలో ఉన్నారు. డిసెంబరు నెల రాగానే మన యిండ్లమీద కాగితపు నక్షత్రమును కట్టుచున్నాము. లోపల దీపమును వెలిగించుచున్నాము. ఈ యేడు దానిని కట్టునప్పుడు ఇంటిలో చిన్నబిడ్డ చేత వెలిగింపించుడి. ఇదెందుకని వాడు అడుగువరకు కనిపెట్టుడి. అడిగినప్పుడు పని యున్నదని లేచిపోక, కూర్చుండి చెప్పుడి. జ్ఞానులను నడిపించిన నక్షత్రమును గూర్చి చెప్పుడి. ఈ యింట మొదట సువార్తను వినిన ముత్తవ్వను గూర్చి, అందువలన ఆమె పడిన కష్టమును గూర్చి, కష్టకాలమున ఆమెకు తలుపు తెరచిన పొరుగువారిని గూర్చియు చెప్పుడి. అటుతరువాత, ఆ రాత్రి మీ వీధిలో భోజనము లేనివారెవరో వాని చేతనే చూచి రమ్మనుడి.